కింది మూలలో మడత

నేను కట్టిన తెరల గురించి చాలా కథలున్నాయి. అన్నీ నేను చెప్పినవే. ఒకసారి ఒక సినిమా తెరని ఎంత బిగించి కట్టానంటే, దాని మీద వాలిన ఈగ వాలినట్టే ఎగిరిపోయి బాల్కనీలో కూర్చున్న ఆసామి టీ గ్లాసులో పడింది. ఇంకో తెర మీద వాన సీను వస్తే ముందు వరసవాళ్ళు గొడుగులు తెరిచారు. గొడుగులు అడ్డమొస్తున్నాయని వెనక వరసవాళ్ళు టిక్కెట్ డబ్బులు వాపసడిగారు. ఇలాంటివి చెప్పుకుంటూ, విన్నవాళ్ళు నవ్వుతుంటే కడుపు నిండినట్టు బతికాను. ఇప్పుడు చెప్పేది ఒక వేసవి సంగతి. ఇందులో ఈగలూ గొడుగులూ లేవు. ఉంటే బాగుండునని నాకే ఉంది.

తెర కట్టడమంటే దండెం మీద దుప్పటి ఆరేయడం కాదు. ముందు ఇనప గొట్టాలతో పెద్ద చట్రం నిలబెడతారు. తెర అంచు చుట్టూ జానెడుకొకటి చొప్పున ఇత్తడి రింగులుంటాయి. రింగులోంచి తాడు తీసి, గొట్టం చుట్టూ తిప్పి, పక్క రింగులోకి ఎక్కించాలి. బూటుకి లేసు కట్టినట్టే, కాకపోతే ఆ బూటు యాభై అడుగులుంటుంది. పై అంచు నడిమధ్యలో మొదలుపెట్టి ఇటూ అటూ సమానంగా పోవాలి. తర్వాత కింది అంచు, ఆ తర్వాత పక్కలు. ఎక్కడైనా ఒక్క తాడు వదులైందంటే అక్కణ్ణించి ఏటవాలుగా మడత లేస్తుంది. ఆ మడత మీద హీరోయిన్ మొహం పడిందా, పిల్ల మూతి వంకర. జనం ఊరుకుంటారా?

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు నిలబడి చూస్తూ చెప్పాలి. ఒకరు వెనక తాడు లాగి ముడి వేయాలి. ముందు నేను, వెనక మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళు ఇదే వరస. పేరు నాది, పని ఆమెది. ఆమె వేసిన ముడి ఆమె విప్పితేనే ఊడేది. నేనెప్పుడైనా సాయం చేద్దామని ముట్టుకుంటే, మర్నాడు వేలు పెట్టి చూసి "ఇది నాది కాదు" అని విప్పిపారేసేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. తెర నిండా సూది మొనంత కన్నాలుంటాయి. స్పీకర్లు తెర వెనక పెడతారు కదా, ఆ చప్పుడు హాల్లోకి రావాలంటే దారుండాలి. అందుకని ముందు నిలబడి మామూలుగా మాట్లాడినా వెనకున్నవాళ్ళకి వినిపిస్తుంది. ముందువైపు లైటుండి వెనక చీకటైతే, వెనకున్నవాళ్ళకి హాలంతా కనిపిస్తుంది కూడా. ముందున్నవాడికి మాత్రం తెల్లటి గోడే.

"నువ్వు ముక్కులో వేలు పెట్టుకున్నా నాకు తెలుస్తుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకో" అనేది మా ఆవిడ.

పని చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ నేను గొప్పగా చెప్పేదీ అదే. "దీనికి కోటి చెవులు బాబూ, కోటి కళ్ళు. దీని ముందు నిలబడి అబద్ధమాడకు."

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున మా ఆవిడ చేతిలోంచి గ్లాసు జారింది. "ఏమే, నీ వేళ్ళు హార్మోనియం నేర్చుకుంటున్నాయా?" అన్నాను. నవ్వింది. వారం తిరక్కుండా ఇంకోసారి జారింది. నేను అదే జోకు వేశాను. ఈసారి నవ్వలేదు. కిందపడిన గాజుముక్కలు ఏరడానికి కుడిచెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, ఎడమచేత్తో ఏరింది.

డాక్టరు ఆమెకి కాగితమిచ్చి సున్నాలు చుట్టమన్నాడు. మొదటి సున్నా రూపాయి బిళ్ళంత వచ్చింది. వరస చివరికొచ్చేసరికి ఆవగింజలయ్యాయి. నడవమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది తగ్గేది కాదమ్మా. మందులతో కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. బరువులూ తాళ్ళూ ఇక మానేయండి" అన్నాడు.

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. నేను మాట్లాడకుండా ఉండటం ఆమెకే కొత్తగా అనిపించినట్టుంది, తనే మొదలుపెట్టింది.

"పెద్ద హాలు తెర ఒప్పుకున్నాం కదా."

"రేపు వెళ్ళి వేరేవాళ్ళని చూసుకోమని చెప్పేస్తాలే."

"చెప్పకు. అదొక్కటీ కట్టి మానేస్తాను. మానేశానన్న మాట కూడా నేనే చెప్పుకుంటాను, నాకు తోచినప్పుడు. అప్పటిదాకా ఈ చెయ్యి సంగతి మూడో మనిషికి తెలియకూడదు."

"నేనెవరికి చెప్తానే?"

ఆమె నావైపు తిరిగి ఎగాదిగా చూసింది. "నువ్వా? ఆ ఈగ సంగతి ఎంతమందికి చెప్పావు?"

"అది వేరు."

"ఏం వేరు? నీ నోట్లో పడితే నేనూ ఆ ఈగనే అవుతానయ్యా. నలుగురూ నవ్వుకుంటారు. చేతులు పోతే పోనీ, నవ్వులాట మాత్రం చేయకు. మాటివ్వు."

ఇచ్చాను. బస్సు వచ్చింది.

పెద్ద హాలుని మరమ్మత్తులకని రెండు నెలలుగా మూసేశారు. కుర్చీలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు. ఎటు చూసినా రంగు వాసన, సున్నం దుమ్ము. తెర వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుపోతుంది. మెత్తగా ఉన్నప్పుడే లాగి కట్టాలి. అందుకని ఏసీ వేయొద్దన్నాను. ఆ ఉక్కలో అందరం బట్టలతో స్నానం చేసినట్టే ఉండేవాళ్ళం. హాలు మేనేజరు నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకుని తిరిగేవాడు. ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. మనిషి కన్నా ముందు చప్పుడు వచ్చేది. చట్రం చేసిన వెల్డింగు మేస్త్రి మాకు పాత స్నేహితుడే. నన్ను అన్నా అనీ, మా ఆవిణ్ణి వదినా అనీ పిలిచేవాడు.

"వదినా, నా చట్రం అంగుళం కూడా వంకర లేదు. ఇక నీదే ఆలస్యం."

"నీ మరదలు మొహం కూడా వంకర లేదనే చెప్పావు, మా తమ్ముణ్ణి పెళ్ళిచూపులకి తీసుకెళ్ళేముందు" అనేది ఆమె. మేస్త్రి పగలబడి నవ్వేవాడు.

పదిమంది కూలీలు పొడుగాటి పెట్టెని మోసుకొచ్చారు. నేలంతా ఊడ్చి, తుడిచి, ఉతికిన గుడ్డలు పరిచి, దాని మీద తెరని దొర్లిస్తూ విప్పాం. మొహంవైపు చెయ్యి తగిలితే మచ్చ పడుతుంది, అందుకని తెల్ల గ్లవ్స్ లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. ఆ గ్లవ్స్ మా ఆవిడకి దేవుడిచ్చినట్టు పనికొచ్చాయి. వాటిలో వణుకుందో లేదో ఎవరికీ తెలియలేదు. కూలీలు కప్పీల మీద తాళ్ళు లాగుతుంటే తెర నెమ్మదిగా లేచింది. లేచి నిలబడ్డాక అందరూ తలలెత్తి అలాగే చూశారు. అంత తెలుపు ఒక్కచోట చూస్తే ఎవరైనా అంతే.

పై అంచు మూడు రోజులు పట్టింది. ఇదివరకు ఆమె పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి దిగేది. "ఏమైంది వదినా, ముడికో మంత్రం చదువుతున్నావా?" అన్నాడు మేస్త్రి కింద నుంచి. "నీ చట్రానికి దిష్టి తీస్తున్నా" అంది పై నుంచి. మాట మాత్రం ఎప్పటిలాగే పదునుగా ఉంది. రాత్రి ఇంట్లో ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని నూనె రాయబోతే, "పడుకో, రేపు కింది అంచు" అని లాక్కుంది.

కింది అంచు కూడా అయింది. కుడిపక్క అయింది. ఎడమపక్క సగం దాకా వచ్చాం. ఆ రోజు హ్యాండ్ లైటు పక్కవాటంగా పట్టుకుని చూస్తుంటే, ఎడమవైపు కింది మూలలో మడత కనిపించింది. మూలలోంచి మూరెడు పొడుగున, పడుకుని లేచిన మొహం మీద దిండు గీతలాగా.

"ఏమే, కింది మూల. మూలనుంచి నాలుగోది. ఒక్క వేలు లాగు."

"లాగాను" అంది వెనకనుంచి.

మడత కదల్లేదు.

"ఇంకాస్త."

"లాగానన్నా కదా."

"ఐదోది కూడా చూడు."

 ఊపిరి గట్టిగా తీస్తున్న చప్పుడు మాత్రం కన్నాల్లోంచి వస్తోంది. లైటు కింద పెట్టి, చెప్పులు విడిచి, చట్రం పక్కనుంచి వెనక్కి తొంగిచూశాను.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గ్లవ్స్ తీసేసింది. తాడు పళ్ళతో పట్టుకుని తల వెనక్కి లాగుతోంది. ఎడమచేత్తో తాడుని గొట్టానికి అదిమిపట్టింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి, తన మానాన తను కొట్టుకుంటోంది, గట్టున పడ్డ చేపలాగా.

నన్ను చూడలేదు. వచ్చిన దారినే వెనక్కెళ్ళి, లైటు తీసుకుని, నా చోట నిలబడ్డాను.

"ఆఁ, సరిపోయింది" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా. అద్దంలా ఉంది."

ఆ తెర ముందు నేనాడిన మొదటి అబద్ధం అది. మర్నాడు ఆమె అన్నం తింటున్నప్పుడు వెళ్ళి లాగేద్దామనుకున్నాను. మర్నాడు పోయాను కూడా. తాడు మీద చెయ్యి వేశాను. అక్కడ పళ్ళగాట్లు తగిలాయి. చెయ్యి తీసేశాను. ఇంకో రోజు చూద్దాంలే అనుకున్నాను.

ఇంకో రోజు రాలేదు. ఆ పొద్దుటికే ఎడమపక్క పైదాకా అయింది. ఆ మధ్యాహ్నమే తాళాలాయన వచ్చాడు. నాలుగు రోజుల్లో హాలు తెరవాలి. పెద్ద లైట్లు రెండు తెప్పించి తెర మీదికి తిప్పాడు. హాలు పగటికన్నా వెలిగిపోయింది.

"గ్లవ్స్ నల్లబడ్డాయి, కుళాయి దగ్గర ఉతికి తెస్తా" అని మా ఆవిడ పక్క తలుపులోంచి వెళ్ళడం నేను చూశాను.

తాళాలాయన ఇటునుంచి అటు నడిచాడు. కింది మూల దగ్గర ఆగాడు. తాళాలూ ఆగాయి.

"ఇదేంటయ్యా?"

"ఏదండీ?"

"ఈ మడత. దుప్పటి ఆరేశారా ఇక్కడ? పెద్ద పనివాడివని నిన్ను పిలిస్తే ఇదా?"

"రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుందండీ. తెర కొత్తది కదా."

"నాకు చెప్పకు. నేనూ నాలుగు హాళ్ళు చూశాను. మూలలో మడత సర్దుకోవడం ఎక్కడా చూళ్ళేదు. ఈ పక్క ఎవరు కట్టారు?"

నేను కట్టానంటే సరిపోతుందనుకున్నాను. అన్నాను కూడా. "నేనేనండీ" అన్నాను. తాళాలాయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కట్టవని ఊరందరికీ తెలుసు. నువ్వు మాటలు కడతావు. తాళ్ళు కట్టేది మీ ఆవిడ. ఏమైంది ఆవిడకి? ఇంత పని ఇన్ని రోజులా? చూడూ, నేను మొగమాటపడను. సాయంత్రంలోగా మొత్తం విప్పించేసి వేరేవాళ్ళతో మొదటినుంచీ కట్టిస్తాను."

మొత్తం విప్పించేస్తాడట. మూడు రోజుల పై అంచు, కింది అంచు, పక్కలు, ఒక్కొక్క ముడి. ఆమె ఆఖరి తెర. వేరేవాళ్ళొచ్చి కత్తి పెట్టి పర్రున కోసేస్తే, రేపు ఆమె ఏ మొహంతో మానేశానని చెప్పుకుంటుంది? ఆ క్షణాన నాకు తోచింది అదొక్కటే. ఈ మనిషిని ఎలాగైనా మెత్తబరచాలి. మెత్తబరచడానికి నాకు తెలిసిన పని ఒక్కటే. పుట్టినప్పట్నుంచీ ఆ ఒక్కటే.

"అయ్యా, మీకొక రహస్యం చెప్తాను, కోప్పడకండి" అన్నాను గొంతు తగ్గించి. "ఈ మధ్య మా ఆవిడ చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. నా మాట ఎప్పుడూ వినలేదనుకోండి, ఇప్పుడు ఇద్దరం సమానం. ముడి వేయమంటే ఇలా..." అని నా చెయ్యి ముందుకు చాచి వణికించాను. "తాడు ఇటు రమ్మంటే చెయ్యి అటు పోతుంది. అన్నంలో ఉప్పు వేయమంటే వీధంతా చల్లొస్తుంది. మొన్న నాకు టీ ఇచ్చిందండీ, గ్లాసు నా దాకా వచ్చేసరికి అందులో టీ లేదు, నురగే! గిలక్కొట్టేసింది!"

చెయ్యి ఊపుతూ, లేని గ్లాసు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, తడబడుతూ నాలుగడుగులు వేశాను. మేస్త్రి నవ్వాడు. ముందు ఆపుకోవాలని చూశాడు పాపం, ఆగలేదు. తాళాలాయనకి కూడా పొట్ట కదిలి, తాళాలు మోగాయి. లైట్లు పట్టుకున్న ఇద్దరూ నవ్వారు. వాళ్ళు నవ్వేకొద్దీ నేను ఊపాను. నా చేతిలో లేదు అది. నవ్వు వినిపిస్తే నేను ఆగలేను.

"సరే, సరే" అన్నాడు తాళాలాయన కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, జబ్బు మనిషన్నమాట. ముందే చెప్పాల్సింది. విప్పించనులే. ఆ మూల ఒక్కటీ నువ్వే బిగించెయ్..." అంటూ తెరవైపు తిరిగి, ఆగిపోయాడు.

మడత కదులుతోంది.

మూరెడు మడత జానెడైంది. జానెడుది బెత్తెడైంది. ఎవరో వెనకనుంచి నెమ్మదిగా, ఆగి ఆగి, తెరని తమవైపు లాక్కుంటున్నట్టు మూల బిగుసుకుంటూ పోయింది. చివరికి వేలెడు గీత మిగిలింది. అదీ పోయింది. పెద్ద లైట్ల కింద తెర గుడ్డు పెంకులా నిలబడింది.

"ఓరి నీ..." అన్నాడు తాళాలాయన. "ఏం మాయ చేశావయ్యా!"

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. తర్వాత నా మొహం చూసి ఆపేశాడు.

వెనక్కి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఆమె కింద కూర్చుని ఉంది. తాడుని కుడి ముంజేతికి నాలుగు చుట్లు చుట్టుకుని, రెండు కాళ్ళూ గొట్టానికి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వేసి పట్టుకుంది. తాడు చర్మంలోకి దిగిపోయింది. నల్లబడ్డ గ్లవ్స్ ఉతక్కుండా అలాగే పక్కన పడున్నాయి. కుళాయి దగ్గరికి వెళ్ళనే లేదు ఆమె. మూల బిగించడానికే వెనక తలుపులోంచి వచ్చింది. అక్కడ మడతుందని ఆమెకి ముందునుంచే తెలుసు. నేను ఇంకో ఐదు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

తెర ఇవతలనుంచి చూస్తే హాలంతా కనిపిస్తోంది. నేను గెంతిన చోటు కూడా. తాళాలాయన ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ముడి వెయ్యి" అంది ఆమె. "నా వేళ్ళకి రావడం లేదు."

వేశాను. ముప్ఫై ఏళ్ళలో ఆమె నన్ను ముడి వేయమనడం అదే మొదలు. ముంజేతినుంచి తాడు విప్పుతుంటే ఎర్రగా చుట్లు కనిపించాయి. నేనేదో అనబోయాను.

"బాగా చేశావు" అంది. కోపం లేదు గొంతులో. "అడుగు కూడా అచ్చం నాలాగే పడింది. కానీ ఎడమచెయ్యి ఊపావు. నాకు కుడిది."

లేచి, గోడ పట్టుకుని, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది.

వాన మొదలయ్యాక హాలు తెరిచారు. తాళాలాయన రెండు పాసులు పంపాడు. "నువ్వెళ్ళు" అంది. వెళ్ళాను. పక్క కుర్చీ ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మ ఏమిటో నాకు తెలియదు, కింది మూలనే చూస్తూ కూర్చున్నాను. గీత కూడా లేదు. ఇంటర్వెల్లో టిక్కెట్లు చింపే మనిషి ఎదురొచ్చాడు. ఆ రోజు ఇతను హాల్లో లేడు. "ఏం బాబాయ్, పిన్ని ఎలా ఉంది?" అన్నాడు. అడుగుతూ తనకి తెలియకుండానే చెయ్యి ముందుకు చాచి కాస్త వణికించాడు. అంత బాగా చేశానన్నమాట. చూడనివాడికి కూడా వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పిలిస్తే పలికేది, అడిగితే చెప్పేది. చెయ్యి మాత్రం నాకు చూపించడం మానేసింది. నేను గదిలోకి వస్తే తువ్వాలు కిందికో దుప్పటి కిందికో పోయేది. ఒక పొద్దున, "గదికీ వంటింటికీ మధ్య ఒక దుప్పటి కట్టు" అంది.

"ఎందుకే?"

"నేను తినేటప్పుడు అవతల ఉండు."

గోడకి రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, దుప్పటి వేలాడదీశాను. అలవాటు కొద్దీ నడిమధ్యనుంచి మొదలుపెట్టి ఇటూ అటూ సర్దాను. తాళాలాయన కూడా వంక పెట్టలేడు, ఒక్క మడత లేదు. మా ఇంటికి నేను కట్టిన తెర అదొక్కటే. దానికి కన్నాలు లేవు. చప్పుడు మాత్రం వస్తుంది. ఆమె తింటుంటే చెంచా పళ్ళేనికి టకటకా కొట్టుకునే చప్పుడు.

మొదటిరోజు ఇవతల కూర్చుని, ఆ చప్పుడు వినలేక, ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. ఈగ కథే. ఈసారి ఈగని బాల్కనీ దాటించి ప్రొజెక్టర్ గదిలోకి పంపించాను. చెంచా చప్పుడు ఆగిపోయింది. వింటోందనుకున్నాను. కథ అయిపోయింది. చెంచా మళ్ళీ మొదలవలేదు. చాలాసేపటికి పళ్ళెం తీసుకెళ్ళడానికి వెళ్తే అన్నం అలాగే ఉంది.

రెండోరోజు నోరు మూసుకుని కూర్చున్నాను. నేనున్నానని ఎలాగో తెలిసిపోయింది. చెంచా కదల్లేదు.

అప్పట్నుంచీ ఆమె పళ్ళెం ముందు కూర్చునే వేళకి నేను వీధిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడతాను. వానైతే చూరు కింద. దారినపోయేవాళ్ళు "ఏం పెద్దాయనా, ఇవాళ కొత్తదేమైనా ఉందా?" అని అడుగుతారు. లేదని చెయ్యి ఊపుతాను. లోపల టకటకా మొదలవుతుంది. ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. చెంచా పళ్ళెంలో పెట్టేసిన చప్పుడయ్యాక, చెయ్యి తువ్వాలు కింద పెట్టుకోవడానికి ఆమెకి కాస్త వ్యవధి ఇచ్చి, ఎక్కడో దూరంనుంచి అప్పుడే వస్తున్నవాడిలా చెప్పులు నేలకేసి గట్టిగా కొడుతూ లోపలికి వెళ్తాను.